కింద పడ్డ కెమెరా గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

కొత్త కెమెరా వచ్చిందంటే చాలు ఎన్ని మెగాపిక్సెల్స్, వీడియో ఎలా తీస్తుంది అని పేపర్లన్నీ వివరంగా రాస్తాయి, అదే కెమెరా చేయి జారి పడితేనో నీళ్లలో మునిగితేనో ఏం చెయ్యాలో మాత్రం ఎక్కడా కనపడదు. మీరైనా దీనిమీద ఒకసారి రాయించండి, ఎందుకంటే నేను చూసినంతలో దెబ్బకి పోయిన కెమెరాల కన్నా ఆ కంగారులో చేసిన పనులకి పోయినవే ఎక్కువ.

తడిసినదాన్నే తీసుకోండి, వెంటనే ఆన్ చేసి చూస్తారు. ఆ ఆత్రం నాకూ తెలుసు, కానీ లోపల తడి ఉండగా కరెంట్ పారితే షార్ట్ అయి అప్పటిదాకా బాగున్న బోర్డు కూడా పోవచ్చు. స్విచ్ ముట్టుకోకుండా బ్యాటరీ తీసెయ్యాలి, తర్వాతే కార్డూ లెన్సూ. ఇక బియ్యంలో పెట్టమనే సలహా ఒకటి, బియ్యం కెమెరా లోపలి తడిని పెద్దగా లాగవు సరికదా ఆ పిండీ దుమ్మూ సందుల్లోకి పోతాయి, దానికన్నా తడిని పీల్చే సిలికా జెల్ ప్యాకెట్లు వేసిన డబ్బా నయం. హెయిర్ డ్రయ్యర్ అసలు వద్దు. సముద్రపు నీళ్లయితే ఆరేదాకా చూస్తూ కూర్చోకూడదు, నీరు ఆరినా ఉప్పు లోపలే ఉండి కరెంట్ పారే కాంటాక్టుల్ని తినేస్తుంది, వెంటనే రిపేర్ చేసేవాళ్లకి ఇచ్చెయ్యాలి.

కింద పడ్డప్పుడు ఇంకో చిక్కు, పైకి గీత కూడా ఉండదు, ఫోటో వస్తుంది, గండం గడిచింది అనుకుంటాం. కానీ లెన్స్ బిగించే మౌంట్ నుంచి లోపల బొమ్మ పడే సెన్సర్ దాకా దూరం చాలా కచ్చితంగా ఉండాలి, నికాన్ ఎఫ్ మౌంట్‌కి 1959 నుంచీ 46.5 మిల్లీమీటర్లు, కానన్ ఈఎఫ్‌కి 44. మౌంట్ రవ్వంత వంగినా ఫోటోలో ఒక పక్క స్పష్టంగా, ఇంకో పక్క మసగ్గా వస్తుంది. మీ పేపరే ఒక షీటు గోడకి అంటించి, ట్రైపాడ్ మీద కెమెరా సరిగ్గా ఎదురుగా పెట్టి, ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, పూర్తిగా తెరిచి తీసి, నాలుగు మూలల్లో అక్షరాలు పోల్చి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

లెన్స్ ముందు బిగించే ఫిల్టర్ అద్దం పగిలితే లెన్స్‌ని కిందకి వంచి పట్టుకోవాలి, గుడ్డతో తుడిచారంటే ఆ గాజు ముక్కలే అసలు అద్దాన్ని గీసేస్తాయి. ఇంట్లో స్క్రూలు విప్పొద్దు, ఫ్లాష్ ఉన్న కెమెరాలో బ్యాటరీ తీసినా ఫ్లాష్ కోసం కరెంట్ దాచుకునే కెపాసిటర్‌లో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు, అది ప్రాణం మీదకి వచ్చే విషయం.

వస్తువే కదా ఇంకోటి కొనుక్కో అంటారు కొందరు. తయారీ ఆగిపోయిన లెన్స్‌ని ఎక్కడ కొంటాం, అయినా ఏళ్ల తరబడి చేతికి అలవాటైనది, ఏ వెలుతురులో ఎలా తీస్తుందో మనకి కంటికి కట్టినట్టు తెలిసినది కొత్తదానితో సమానం ఎలా అవుతుంది? పైగా పడిపోవడం, తడవడం మామూలు వారంటీలో రావు.

అన్నిటికన్నా ముఖ్యంగా ఒక్కటి రాయండి, అడిగి తీసుకున్న కెమెరా మీ చేతిలో పడితే గుట్టుగా బ్యాగులో పెట్టెయ్యకండి అని. తిడతారని భయం ఉంటుంది, నిజమే, కానీ చెప్పకపోతే ఓనరు ఏమీ తెలియక తడి ఉన్నదాన్నే ఆన్ చేస్తారు, లేదా ఆ వంగిన మౌంట్‌తోనే ఎవరిదో పెళ్లి మొత్తం తీసేస్తారు.

ఇట్లు,
మీ పాఠకుడు