గడువు దాటినా వెళ్లిపోని ఆమెకు కృతజ్ఞతలు

మా తమ్ముణ్ణి నిన్న ఇంటికి తీసుకొచ్చాం. క్లోమానికి వచ్చిన వాపు (క్లోమశోథ), అంటే ఆసుపత్రిలో అందరి నోటా వినిపించే పాంక్రియాటైటిస్, అతణ్ణి ఐసీయూ దాకా తీసుకువెళ్లింది. అక్కడి నుంచి బయటపడి, లోపల చేరిన ద్రవాన్ని బయటకు తీసే డ్రెయిన్ గొట్టంతో ఎన్నో వారాలు గడిపి, చివరికి పిత్తాశయం కూడా తీయించుకుని ఇప్పుడు పక్క గదిలో నిద్రపోతున్నాడు. నేను కంటినిండా నిద్రపోయి చాలా కాలమైంది కనుక ఈ రాతలో వరస తప్పినచోట మన్నించి చదవండి. ఇంకొన్నాళ్లు ఆగితే ఇంటి పనుల్లో పడి రాయకుండా ఉండిపోతానేమోనన్న భయంతో ఈ రోజే కూర్చున్నాను.

మరదలు, నాన్న, మా వారు, చిన్నాన్న పిల్లలు వంతులు వేసుకుని ఆసుపత్రిలో ఉన్నారు. వాళ్లు మావాళ్లు, చేస్తారని తెలుసు, చేశారు. శస్త్రచికిత్స విభాగం వారికి, జీర్ణకోశ విభాగం వైద్యులకు, ఐసీయూలో రాత్రి డ్యూటీ చేసిన నర్సులందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అయితే నేను ఈ పోస్టు రాయడానికి కారణమైన మనిషి వీరెవరూ కాదు. ఆమె డాక్టరు కాదు, నర్సు కాదు, మాకు చుట్టమూ కాదు. పేరు రాయవద్దని తానే కోరారు కనుక రాయడం లేదు.

ఆమె ఒక పరిశోధన సమన్వయకర్త. క్లోమశోథ మొదలైన తొలి గంటల్లో ఇచ్చే చికిత్సపై ఆ ఆసుపత్రిలో ఒక అధ్యయనం జరుగుతోంది. అర్హులైన రోగుల దగ్గరకు వెళ్లి, అధ్యయనం ఏమిటో వివరించి, ఇష్టమైతేనే సమ్మతి పత్రంపై సంతకం తీసుకోవడం ఆమె పని. మా దగ్గరకూ ఆ కాగితాలతోనే వచ్చారు. తమ్ముడికి నొప్పి మొదలైన సమయం, మొదట చేర్చిన ఆసుపత్రి, అక్కడి నుంచి ఇక్కడికి పంపిన సమయం అడిగి రాసుకున్నారు. మొదటి ఆసుపత్రిలోనే కాలం గడిచిపోవడంతో మేము ఇక్కడికి చేరేసరికి అధ్యయనంలో నమోదు చేసుకునే గడువు దాటిపోయిందని అప్పుడు తేలింది. అంటే మాతో ఆమెకు ఇక పని లేదు. కాగితాలు సర్దుకుని, "క్షమించండి అక్కా, మీ తమ్ముడు మా అధ్యయనంలోకి రారు" అని చెప్పి లేచారు. లేచిన మనిషి నా ముఖం చూసి మళ్లీ కూర్చున్నారు. "అసలు ఆయనకు ఏం జరిగిందో మీకు ఎవరైనా చెప్పారా?" అని అడిగారు.

ఎవరూ చెప్పలేదు. ఆ మాట వైద్యులపై ఫిర్యాదుగా రాయడం లేదు. వారు ఆ సమయంలో ఒక ప్రాణాన్ని నిలబెడుతున్నారు.

పనికిరాకుండా పోయిన ఆ సమ్మతి పత్రం వెనుక వైపు ఆమె ఒక బొమ్మ గీశారు. కాలేయం, దాని కింద పిత్తాశయం, కడుపు వెనుక అడ్డంగా పడుకున్న క్లోమం, పిత్తనాళమూ క్లోమనాళమూ దగ్గరకు చేరి చిన్నపేగులోకి తెరుచుకునే సన్నని ద్వారం. పిత్తాశయంలోంచి జారిన చిన్న రాయి ఆ ద్వారం దగ్గర ఇరుక్కుంటే క్లోమం దెబ్బతింటుందని, 1901లో యూజీన్ ఓపీ అనే వైద్యుడు శవపరీక్షలో అలాంటి రాయిని చూసి ఈ సంబంధాన్ని గుర్తించారని చెప్పారు. పేగులోకి వెళ్లాక పనిచేయవలసిన జీర్ణరసాలు క్లోమంలోనే మేలుకుని ఆ అవయవాన్నే జీర్ణం చేయడం మొదలుపెడతాయని, ఈ ఊహను హాన్స్ కియారి అనే పాథాలజిస్టు 1896లోనే ప్రతిపాదించారని కూడా ఆమె చెబితేనే విన్నాను. అన్నం అరిగించే రసం మనిషిని అరిగించడమేమిటని ఆ రాత్రంతా ఆ బొమ్మ చూస్తూ కూర్చున్నాను. భయం తగ్గలేదు, కానీ ఆ భయానికి ఒక ఆకారం వచ్చింది. ఏమీ తెలియకుండా భయపడటం కంటే అది ఎంతో మేలు.

పరామర్శకు వచ్చిన ప్రతివారూ మొదట అడిగిన ప్రశ్న "ఎంత తాగేవాడు?" అన్నది. తమ్ముడికి ఆ అలవాటు లేదు. మరదలు ఆ ప్రశ్న విన్న ప్రతిసారీ కుంచించుకుపోయేది. ఒకసారి అదే ప్రశ్న వినబడినప్పుడు ఆ సమన్వయకర్త అక్కడే ఉన్నారు. ఈ జబ్బుకు ముఖ్య కారణాల్లో పిత్తాశయంలో రాళ్లు, మద్యం రెండూ ఉన్నాయని, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు విపరీతంగా పెరిగినా రావచ్చని, కొన్ని కుటుంబాల్లో జన్యువు వల్ల వస్తుందని, అలాంటి జన్యుమార్పును 1996లో గుర్తించారని, కొందరిలో ఎంత వెతికినా కారణం దొరకదని ఓపికగా చెప్పారు. ఆ తర్వాత, "మద్యం వల్ల వచ్చినవారైనా ఈ నొప్పికి అర్హులేమీ కారండీ" అన్నారు. అడిగిన పెద్దమనిషి మరి మాట్లాడలేదు. మరదలు ఆ రోజు తలెత్తి కూర్చుంది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న సంగతి. రెండో వారం దాటాక తమ్ముడికి మళ్లీ జ్వరం వచ్చింది. సీటీ స్కాన్‌లో క్లోమంలో కొంత భాగం చచ్చుబడిందని, దాని చుట్టూ ద్రవం చేరిందని, అందులో ఇన్‌ఫెక్షన్ ఉందని తేలింది. యాంటీబయాటిక్స్ ఇస్తూ వేచి చూద్దామని వైద్యులు అన్నారు. లోపల కుళ్లుతోందని చెబుతూనే ఆగమంటే మా ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు. వెంటనే కోసి శుభ్రం చేయించమని ఒకరు, వేరే ఆసుపత్రికి మార్చమని ఒకరు ఫోన్లు చేస్తున్నారు. నిర్ణయం చెప్పవలసిన మనిషిగా అందరూ నా వైపే చూస్తున్నారు.

ఆ సాయంత్రం ఆమె రెండు పరిశోధనా పత్రాలు ప్రింటు తీసుకుని వచ్చారు. "నేను డాక్టర్ని కాను అక్కా, ఏం చేయాలో చెప్పే అర్హత నాకు లేదు. కానీ మీ డాక్టర్లు ఎందుకు ఆగమంటున్నారో దీనిలో ఉంది, చదువుకుందాం" అని, ఒక్కో వాక్యమూ మనకు అర్థమయ్యే మాటల్లోకి మార్చి చెప్పారు. మొదటిది 2010లో నెదర్లాండ్స్ వైద్య బృందం ప్రచురించినది. ఇలా చచ్చుబడిన క్లోమానికి ఇన్‌ఫెక్షన్ వచ్చిన 88 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు అప్పటి పద్ధతి ప్రకారం పొట్ట కోసి శస్త్రచికిత్స చేశారు. రెండో గుంపుకు ముందు డ్రెయిన్ గొట్టం పెట్టి, అది చాలనప్పుడు మాత్రమే చిన్న కోతతో తొలగించే పనికి వెళ్లారు. పెద్ద ప్రమాదాలు లేదా మరణం మొదటి గుంపులో 69 శాతం మందిలో, రెండో గుంపులో 40 శాతం మందిలో కనిపించాయి. రెండో గుంపులో 35 శాతం మందికి గొట్టమే సరిపోయింది. రెండో పత్రం అదే దేశం నుంచి 2021లో వచ్చినది. 104 మందిలో కొందరికి ఇన్‌ఫెక్షన్ తేలిన వెంటనే గొట్టం పెట్టారు, మిగిలినవారికి ఆ ద్రవం చుట్టూ శరీరమే గోడలాంటి పొర కట్టేదాకా ఆగారు. వెంటనే పెట్టడం వల్ల అదనపు మేలు కనబడలేదు. పైగా ఆగినవారిలో 39 శాతం మందికి యాంటీబయాటిక్స్‌తోనే తగ్గింది, గొట్టం అవసరమే రాలేదు.

అంకెలు విన్నాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు ఆమె ఆ కాగితంలో 88 అన్న అంకె మీద వేలు పెట్టి, "వీళ్లలో ప్రతి ఒక్కరి ఇంటివాళ్లూ ఇలాగే బయట కూర్చుని ఉంటారు అక్కా. తమ మనిషి ఏ గుంపులో పడతాడో తెలియకుండానే సంతకం పెట్టారు" అన్నారు. అంతవరకూ నేను ఏడవలేదు. ఐసీయూ తలుపు మూసినప్పుడు, మూత్రపిండాలు సరిగా పనిచేయడం లేదని చెప్పినప్పుడు కూడా అందరికీ ధైర్యం చెబుతూ నిలబడ్డాను. ఆ మాటకు మాత్రం నిలవలేకపోయాను. ఎక్కడో మరో దేశంలో, మా పేర్లు కూడా తెలియని మనుషులు అంత నొప్పిలో ఒప్పుకున్నందువల్లనే కదా మా వైద్యుడు అంత నిబ్బరంగా ఆగుదామనగలిగారు. ముఖ్యంగా కోత పడిన గుంపువారిని తలచుకుంటే నా గుండె బరువెక్కుతుంది. వారు భరించినదాని వల్ల మా తమ్ముడికి ఆ కోత తప్పింది. వారిలో ఎందరు బతికి ఉన్నారో, వారి ఇంటివారికి ఈ సంగతి తెలుసో లేదో తెలియదు. ఈ కృతజ్ఞత వారిది కూడా.

నేను ఏడుస్తున్నంతసేపూ ఆమె ఏమీ అనలేదు. తగ్గాక, "రేపు రౌండ్స్‌లో డాక్టరుగారిని అడగవలసినవి రాసుకుందాం, మీ చేతితోనే రాయండి" అన్నారు. జ్వరం ఎంత పెరిగితే ఇక ఆగరు, ఏ లక్షణం కనబడితే వెంటనే మీకు చెప్పాలి, మళ్లీ స్కాన్ ఎప్పుడు, ముక్కు గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం సరిపోతోందా. శస్త్రవైద్యులు ఉదయం ఆ కాగితం చేతిలోకి తీసుకుని ఒక్కో ప్రశ్నకూ నిలబడి జవాబు చెప్పారు. ఇంట్లో వాదనలు ఆ రోజుతో ఆగిపోయాయి. ద్రవం చుట్టూ గోడ కట్టాక ఎడమ పక్క నుంచి గొట్టం పెట్టారు, అదే సరిపోయింది. గొట్టం పెట్టిన రోజు ఆమెకు సెలవని తర్వాత తెలిసింది. మాతో పాటు సాయంత్రం దాకా ఉన్నారు.

ఇంత మంచి జరిగాక కూడా ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇది తమ్ముడికి వచ్చిన మొదటి నొప్పి కాదు. అంతకుముందు వేరే ఆసుపత్రిలో తేలికపాటి క్లోమశోథతో చేర్చినప్పుడు పిత్తాశయంలో రాళ్లున్నాయని స్కాన్‌లో స్పష్టంగా కనబడింది. నొప్పి తగ్గగానే డిశ్చార్జి చేసి, శస్త్రచికిత్సకు వారాల తర్వాత తేదీ ఇచ్చి పంపారు. ఆ తేదీ రాకముందే ఈ రెండో దాడి వచ్చింది. తీవ్రత తక్కువగా ఉన్నవారికి అదే చేరికలో పిత్తాశయం తీసేస్తే, రాళ్ల వల్ల తిరిగి ఆసుపత్రిలో చేరడం గాని, మరణం గాని 5 శాతం మందిలోనే కనబడిందని, వారాల తర్వాత తీసినవారిలో అది 17 శాతమని 2015లోనే ఒక అధ్యయనం తేల్చింది. ఆ ఫలితం వచ్చి ఇన్నేళ్లయినా రోగి మంచం దాకా ఎందుకు చేరడం లేదు? ఆపరేషన్ థియేటర్ ఖాళీ లేకపోతే కనీసం ఆ ముప్పు గురించి డిశ్చార్జి కాగితంలో ఒక వాక్యం రాయడానికి ఏమి అడ్డు? మనుషులు తమ శరీరాలిచ్చి సంపాదించిన జ్ఞానం పత్రికల్లో భద్రంగా ఉండి, దాని అవసరం ఉన్న రోగి తేదీ కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చోవడం నాకు న్యాయంగా తోచడం లేదు. ఇంకొకటి, మాకింత చేసిన ఆమె ఉద్యోగం ఆ అధ్యయనానికి నిధులున్నంత వరకేనట. రోగులకు అర్థమయ్యేలా చెప్పే మనిషిని తాత్కాలికంగా మాత్రమే పెట్టుకునే ఏర్పాటు మారాలని గట్టిగా కోరుకుంటున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా రాళ్ల వల్ల క్లోమశోథ వస్తే, పిత్తాశయం ఎప్పుడు తీస్తారని డిశ్చార్జికి ముందే అడగండి.

తమ్ముడు పూర్తిగా కోలుకోలేదు. భోజనంతో పాటు ఎంజైమ్ క్యాప్సూళ్లు వేసుకోవాలి, క్లోమం దెబ్బతిన్నందున చక్కెర వ్యాధి వచ్చే అవకాశం ఉంది కనుక రక్తపరీక్షలు చేయిస్తూ ఉండాలి. క్లోమశోథ నుంచి బయటపడినవారిని కొన్నేళ్లపాటు గమనించే మరో అధ్యయనం అక్కడ ఉందని తెలిసి, తానే అడిగి అందులో చేరాడు. సమ్మతి పత్రంలోని ప్రతి పేజీ చదివాకే సంతకం పెట్టాడు.

పోస్టు చేశాక గుర్తొచ్చినవారిని ఇక్కడ చేరుస్తున్నాను. రక్తం ఇచ్చిన ఇద్దరు విద్యార్థులకు, వారు పేర్లు చెప్పకుండానే వెళ్లిపోయారు. నొప్పిగా ఉన్నా లేపి కూర్చోబెట్టి ఊపిరి వ్యాయామాలు చేయించిన ఫిజియోథెరపిస్టుగారికి. స్కాన్ గదికి తీసుకెళ్లేటప్పుడు స్ట్రెచర్ కుదుపు లేకుండా నెమ్మదిగా నడిపిన వార్డు బాయ్‌కి. పక్క మంచం పెద్దాయన కూతురికి, నేను కిందికి వెళ్లినప్పుడల్లా తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉన్నందుకు. ముక్కు గొట్టం ఆహారం లెక్క రోజూ చూసిన డైటీషియన్‌గారిని మరిచిపోయానని మరదలు ఇప్పుడే గుర్తుచేసింది, వారికి కూడా. రాత్రి ఫార్మసీలో మందు లేదంటే ఇంకో చోటికి ఫోన్ చేసి తెప్పించిన అబ్బాయికి కూడా.