పాలు మానేసినవారి కాల్షియం మాట

సంపాదకులకు,

జంతువుల పట్ల కరుణతో పాలు, పెరుగు, నెయ్యి కూడా వదిలేసి వీగన్ ఆహారానికి మారుతున్న యువత మన నగరాల్లో కనిపిస్తున్నారు. వారి నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను. అయితే వారి ఎముకలకు సంబంధించిన ఒక ముఖ్య విషయాన్ని మన పత్రికలు తగినంత వివరంగా చెప్పడం లేదన్న ఆందోళనతో ఈ లేఖ రాస్తున్నాను.

ఆకుకూరలు తింటే కాల్షియం అందుతుందని చాలా వ్యాసాలు ఒక్క వాక్యంతో సరిపెడతాయి. ఏ ఆకుకూర అన్నది చెప్పకపోతే ఆ సలహా వల్ల మేలు జరగదు. పాలకూరలోని ఆక్సలేట్లు అనే సహజ పదార్థాలు కాల్షియాన్ని పట్టి ఉంచడం వల్ల అందులో సుమారు 5 శాతం మాత్రమే ఒంటబడుతుంది. పాలలోని కాల్షియమైతే 30 శాతం దాకా ఒంటబడుతుంది. తోటకూరలోనూ ఆక్సలేట్లు ఎక్కువే కనుక, ఇనుము కోసం దానిని ఎంత మెచ్చుకున్నా, కాల్షియం కోసం దాని మీదే ఆధారపడకూడదు.

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, పాలిచ్చే తల్లులకు 1200 మిల్లీగ్రాములు సిఫారసు చేశాయి. అంతకు ముందు పెద్దలకు చెప్పినది 600 మాత్రమే. పాలు లేకుండా ఇంత సమకూర్చుకోవడానికి మన వంటింట్లో మొదట గుర్తు రావలసినవి రాగులు. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రాయలసీమ సంగటి ఎంతో మంచిదే; పిండిని పులియబెట్టి కాచిన అంబలిలో, మొలకెత్తించిన రాగుల జావలో, కాల్షియాన్ని ఒంటబట్టనివ్వని ఫైటేట్లు అనే పదార్థాలు తగ్గుతాయి కాబట్టి కాల్షియం మరింత బాగా ఒంటబడుతుంది. పాత తరం వారు పులియబెట్టి తాగిన అంబలిని ఇప్పటి పిల్లలకు మళ్ళీ అలవాటు చేయాలని నా గట్టి అభిప్రాయం. వీటికి ఉలవచారు, మునగాకు పప్పు తోడు కావాలి. నువ్వులను పొట్టుతోనే వాడాలి, ఎందుకంటే పొట్టు తీస్తే కాల్షియంలో అధిక భాగం పోతుంది. కానీ ఆ పొట్టులోనూ ఆక్సలేట్లు ఉన్నాయి కనుక చిమ్మిలి ఒక్కటే చాలుననుకోకూడదు.

కొబ్బరిపాలు, ఇంట్లో తీసిన బాదం పాలు తెల్లగా ఉన్నంత మాత్రాన పశువుల పాలకు సాటి రావు. వాటిలో కాల్షియం చాలా తక్కువ. సోయా పాలు కొనేవారు కాల్షియం కలిపినవో కావో డబ్బా మీద చదివి తీసుకోవాలి. టోఫు (సోయా పనీర్)లోనూ కాల్షియం సల్ఫేట్‌తో గట్టిపరచినదే ఎంచుకోవాలి. విటమిన్ డి లోపం ఉంటే తిన్న కాల్షియం సరిగా ఒంటబట్టదు కాబట్టి ఆ పరీక్ష చేయించుకోవడం అవసరం. వైద్యులు మాత్రలు రాస్తే, ఒకేసారి 500 మిల్లీగ్రాములకు మించకుండా విడివిడిగా వేసుకోవడం మేలు.

మీ ఆరోగ్య పేజీలో వంటకాలు ప్రచురించినప్పుడు, ఒక్కొక్క దానిలో కాల్షియం ఎంత ఉందో, అందులో ఎంత ఒంటబడుతుందో కూడా పక్కనే ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, గుంటూరు