మునిగిపోయే చోట తవ్వబోతున్న అమ్మాయికి

చిట్టితల్లీ, ఆశీస్సులు.

త్వరలో నీళ్లలో మునిగే చోట పురావస్తు తవ్వకానికి స్వచ్ఛందంగా వెళ్తున్నావు, చాలా సంతోషం. గడువు దగ్గరపడేకొద్దీ అక్కడ అందరి చేతులూ తొందరపడతాయి. కావాలంటే తక్కువ తవ్వు, కానీ రాయడం మాత్రం తగ్గించకు. తీసేసిన పొరను మళ్లీ పేర్చలేం. నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా తవ్వారు, తర్వాత జలాశయం నిండింది. అక్కడి ఇక్ష్వాకుల నగరాన్ని ఇవాళ అప్పటి ప్లాన్లు, నోట్సు, పైకి తరలించిన కట్టడాల వల్లే తెలుసుకోగలుగుతున్నాం.

తాపీతో మట్టిని గుచ్చి పెళ్లగించకు. అంచు ఆనించి నీ వైపుకు గీకుతూ, వెనక్కి జరుగుతూ పో. రంగో, గట్టిదనమో మారగానే ఆగు. ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. పైనుంచి ఎవరో ఎప్పుడో తవ్విన గోతిని గుర్తించకపోతే, అందులో పడిన కుండ పెంకు కింది పొర లెక్కలో చేరి కాలమంతా తారుమారవుతుంది. అనుమానమొస్తే నీళ్లు సన్నగా చిలకరించు, ఎండిన మట్టిలో కనబడని అంచు తడిలో తేలుతుంది. గోతి మట్టి తర్వాత చేరింది కనుక దాన్నే ముందు తియ్యాలి. అదీ సగమే తీసి, నిలువు కోతను 1:10 కొలతలో గీసి, ఫోటో తీశాక మిగతా సగం.

ప్రతి సంచికీ లోపలొకటి, బయటొకటి లేబుల్ పెట్టు: సైటు కోడ్, ట్రెంచ్ (తవ్వుతున్న గుంత), పొర నంబరు, తేదీ. నంబరు పోయిన పెంకు ఏ పొరకూ సాక్ష్యం చెప్పదు.

బొగ్గు దొరికితే చేత్తో ముట్టకు. శుభ్రమైన తాపీ మొనతో తీసి అల్యూమినియం రేకులో చుట్టు. దూది, కాగితం నూగు కలిస్తే రేడియోకార్బన్ పరీక్షలో వయసు తగ్గి కనిపిస్తుంది. లోహాలను కడగకు. తడి కలపను తడిగానే ఉంచు, ఎముకలను మాత్రం నీడలో ఆరనివ్వు. తడిగా ప్లాస్టిక్ సంచిలో మూస్తే బూజు పడతాయి.

తవ్విన మట్టి కుప్ప గుంత అంచుకు కనీసం ఒక మీటరు దూరంలో ఉండాలి. వాన పడ్డాక గోడల్లో పగుళ్లు చూడకుండా లోపలికి దిగకు, లోతు గుంతలో ఒక్కదానివే అసలే వద్దమ్మా. టెటనస్ ఇంజెక్షన్ వెళ్లేముందే వేయించుకో. చోటు తెలిసే ఫోటోలు ఆన్‌లైన్‌లో పెట్టకు, దొంగ తవ్వకాల వాళ్లకు అంతకన్నా ఆధారం అక్కర్లేదు.

చివరి రోజుల్లో తవ్వలేకపోయిన భాగాన్ని కూడా ప్లాన్‌లో గుర్తించి, ఎందుకు వదిలారో రాయించు. ఊరికే ఖాళీగా వదిలితే, అక్కడ వెతికినా ఏమీ దొరకలేదని తర్వాతివాళ్లు అనుకుంటారు.

ప్రేమతో,
నాన్న