కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

వీడియో గేమును వీలైనంత తక్కువ సమయంలో పూర్తిచేసే ఆటతీరు స్పీడ్‌రన్, క్లుప్తంగా రన్. ఈ ఏడాది కూడా పరిశీలనకు మనకు వచ్చిన రన్లలో ఎక్కువ భాగం సూపర్ మారియో బ్రదర్స్, మైన్‌క్రాఫ్ట్ ఆటలవే. ఒక్కొక్కటీ మొదటి నుంచి చివరి దాకా చూసి, టైమ్ మళ్లీ కొలిచి ఆమోదించిన మోడరేటర్లందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, పిల్లలను పడుకోబెట్టి ఈ పనికి కూర్చున్నవాళ్లే ఎక్కువమంది. మనం నిద్రపోయే వేళకు పని అందుకున్న డాలస్ సభ్యులకు ప్రత్యేక ధన్యవాదాలు.

సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్‌లో జరిపిన శిక్షణ శిబిరం గురించి ఎంత చెప్పినా తక్కువే. వేర్వేరు ప్రయత్నాల నుంచి తీసిన రెండు ముక్కలు అతికించి, ఒకే రన్‌లా కనిపించే మారియో వీడియోను మనవాళ్లే తయారుచేసి తెర మీద వేశారు. ఎవరికీ తేడా కనిపించలేదు. ఆడియో సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో స్పెక్ట్రోగ్రామ్ (శబ్దాన్ని బొమ్మగా చూపే పటం) తెరవగానే అతుకు దగ్గర సన్నటి నిలువు గీత బయటపడింది. ఇంకో దారీ ఉంది. స్థాయి పూర్తయిందా లేదా అన్నది ఈ ఆట 21 ఫ్రేములకు (తెర మీద సెకనుకు సుమారు 60 చొప్పున మారే బొమ్మలకు) ఒకసారే చూస్తుంది, అంటే సుమారు 0.35 సెకన్లకు ఒకసారి. చివరి స్థాయి అయిన 8-4కు మాత్రం ఈ లెక్క వర్తించదు. ఇంటర్ చదివే ఒకమ్మాయి మొదటి స్థాయి 1-1 ఫ్రేములు లెక్కపెట్టి 21తో భాగించింది. అతుకు లేకపోతే శేషం రాకూడదు. శేషం మిగిలింది. అతుకు అక్కడే ఉంది! ఆ అమ్మాయి ఇప్పుడు మన మోడరేటర్. హాలు ఇప్పించిన పెద్దలకు, ప్రొజెక్టర్ మోసుకొచ్చిన తమ్ముళ్లకు, భోజనాలు చూసుకున్న అక్కలకు సంఘం రుణపడి ఉంది.

మైన్‌క్రాఫ్ట్‌లో ఇంకో చిక్కుంది. అక్కడ అదృష్టం పాలు ఎక్కువ కాబట్టి వీడియో ఒక్కటే చాలదు. 2020లో డ్రీమ్ అనే యూట్యూబర్ రన్ల విషయంలో మోడరేటర్లు, ఆట ముగించడానికి కావలసిన ఎండర్ పెర్ల్స్, బ్లేజ్ రాడ్స్ అనే వస్తువులు ఎన్నిసార్లు దొరికాయో లెక్కగట్టి, అంత అదృష్టం నమ్మశక్యం కాదని ఆ రన్లను తిరస్కరించారు. ఆట మీద ప్రభావం చూపే మాడ్ (ఆటను మార్చే అదనపు ప్రోగ్రామ్) తన ఆటలో ఉందని 2021లో ఆయనే ఒప్పుకున్నారు. అంత ఓపిక మనకూ కావాలి. పూర్తి రికార్డింగ్ పంపమని అడగడం దొంగతనం అంటగట్టడం కాదని ఆటగాళ్లకు మర్యాదగా చెప్పండి. నిజాయితీగా నెలల తరబడి సాధన చేసినవాళ్ల రికార్డుకు విలువ నిలబడేది ఈ పరిశీలన వల్లే.

ఒక మాట బాధతోనే చెప్పాలి. మోడరేటర్ల జాబితాలో పేరుండి ఏడాదంతా ఒక్క రన్ కూడా తెరవనివాళ్లు మనలో ఉన్నారు. వాళ్ల వంతు భారం మిగతావాళ్ల మీద పడింది. ఎదురుచూసిన కుర్రాళ్లు "అన్నా, నా రన్ ఏమైంది?" అని అడుగుతుంటే జవాబు చెప్పలేకపోయాం. రన్లు నమోదయ్యే వెబ్‌సైట్ నిర్వాహకులకు దీని గురించి రాసిన ఉత్తరాలకు ఇప్పటికీ సమాధానం లేదు.

జమాఖర్చులు కోశాధికారిగారు సభలో చదువుతారు. విరాళాలు హాలు అద్దెకు, భోజనాలకు, వీడియోలు దాచే హార్డ్‌డిస్క్‌కు సరిపోయాయి.

వచ్చే ఏడాది మోడరేటర్లుగా ఉండదలచినవారు సభ రోజే పేర్లివ్వండి. వారానికి ఒక సాయంత్రం కేటాయించగలిగితేనే ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి