షాడో బెని సంగతులు

అమ్మకు,

ఇక్కడ అందరం కులాసా. నేను పంపిన ఫోటోలో చూసి కలుపు మొక్క అనుకున్నావు కదా, అది షాడో బెని అనే వంటాకు. ఇక్కడ ట్రినిడాడ్ దీవిలో ఇది లేని వంటగది ఉండదు. కొత్తిమీర కుటుంబానిదే గానీ రూపంలో ఆ పోలికే లేదు. నేలను కరుచుకుని జానెడు ఆకులు చుట్టూ పరుచుకుంటాయి, అంచులన్నీ రంపపు పళ్లు. ఒక్క ఆకు నలిపి చూస్తే మాత్రం కొత్తిమీర కట్ట మొత్తం ముక్కు దగ్గర పెట్టినట్టే, కాస్త మొరటుగా.

గింజలు నలుసంత ఉంటాయి. తడి మట్టి మీద చల్లి అలా వదిలేయాలి, పైన మట్టి కప్పకూడదు. మొలకకు మూడు నాలుగు వారాలు పడుతుంది. అన్నాళ్లూ మట్టి ఆరకూడదు. నీకసలే ఓపిక తక్కువ, మధ్యలో కెలకకు! కుండీని నీడలోనే పెట్టాలి. ఎండ తగిలినా, పగటి పొద్దు పెరిగినా పూత కాడ లేస్తుంది. ఆ తర్వాత వచ్చే ఆకులు చిన్నవై ముదిరిపోతాయి, పూల కింది ఆకులైతే ముళ్లలా గుచ్చుకుంటాయి. కాడ కనబడగానే మొదలంటా తుంచెయ్యి. కోసుకునేటప్పుడు బయటి ఆకులు కోసి, నడిమి మొవ్వను వదిలెయ్యి.

వంట విషయానికొస్తే, కొత్తిమీరలా దించేముందు చల్లేది కాదిది. ఎంత ఉడికినా వాసన పోదు కాబట్టి మొదట్లోనే వేయవచ్చు. ఎండబెట్టినా ఘాటు నిలుస్తుంది. ఇక్కడివాళ్లు వెల్లుల్లి, ఉల్లికాడలు, థైమ్ అనే వాసన ఆకు, మంటపుట్టించే మిరపకాయతో కలిపి నూరి, చేపకూ మాంసానికీ ముందే పట్టించి ఉంచుతారు. పచ్చి ఆకు, వెల్లుల్లి, మిరపకాయ, ఉప్పు, నిమ్మరసంతో పచ్చడి చేస్తారు. నాకైతే అన్నిటికన్నా ఆ పచ్చడే ఇష్టం. నీ చేయి పెద్దది, గుప్పెడు వేసేస్తావు. నాలుగు ఆకులు చాలు. మించితే ఇంకే రుచీ తెలియదు.

విత్తనాలు కవరులో పెట్టి పంపమన్నావు, అది కుదరదు. అనుమతి పత్రమూ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రమూ లేకుండా మన దేశంలోకి విత్తనాలు రానివ్వరు. అయినా ఇంత దూరం నుంచి ఎందుకు? మణిపూర్, మిజోరం వైపు దీన్ని ఇళ్లలో పెంచుకుంటారు. కేరళలో ఆఫ్రికన్ మల్లి అంటారు, అక్కడ మల్లి అంటే పువ్వు కాదు, కొత్తిమీర. మేడ మీద అద్దెకున్నవాళ్లు మణిపూర్ వైపువాళ్లే కదా, సెలవులకు వెళ్లినప్పుడు వేరుతో ఒక పిలక తెమ్మను. గింజ కన్నా పిలకే త్వరగా ఆకుకు వస్తుంది.

నాన్నగారికి నమస్కారాలు. ఆయన మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి.

నీ కొడుకు