పిపెట్టుగాడికి, నెలన్నర ఆలస్యంగా

ఒరేయ్ పిపెట్టూ,

నెలన్నర నుంచీ నీకు రిప్లై బాకీ, తిట్టుకో పర్లేదు. ఇక్కడంతా మామూలే, అమ్మ మోకాళ్లు కాస్త నయం, నా ట్రాన్స్‌ఫర్ సంగతి మాత్రం అడక్కు. ఇప్పుడు రాస్తోంది ఎందుకంటే, ఆదివారం కాకినాడలో అక్కావాళ్లింట్లో నా పరువు పోయిందిరా, వంటసోడా మూలంగా.

మేనల్లుడు ఇంటర్ ఫస్టియర్ కదా, లిమిటింగ్ రియేజెంట్, అదే ముందు అయిపోయి రియాక్షన్‌ని ఆపేసే పదార్థం, ఆ లెక్క దగ్గర బుర్ర గోక్కుంటున్నాడు. నాకు ఊపొచ్చి, పుస్తకం మూసెయ్యరా చూపిస్తా అని వంటింట్లోకి లాక్కెళ్లా. కూల్‌డ్రింక్ సీసాలో 100 మిల్లీలీటర్ల వెనిగర్, బెలూన్‌లో చెంచాడు వంటసోడా, మూతికి తొడిగి బెలూన్ పైకెత్తితే బుస్సుమని నురగ, బెలూన్ లేచింది, అక్కడిదాకా నేనే హీరో. వెనిగర్ సీసా మీద 4 శాతం అనుంది, అంటే యాసిటిక్ యాసిడ్ ఓ 4 గ్రాములు, సోడా ఏమో అక్క కేకుల తూకంలో ముందే చూశాం, 5 గ్రాములు. రియాక్షన్‌లో ఒక యాసిడ్ అణువుకి ఒక సోడా అణువు. నేను టక్కున, 4 తక్కువ కదరా, యాసిడ్డే ముందయిపోయింది, అదే లిమిటింగ్ అనేశా.

వాడేం మాట్లాడలేదు. బెలూన్ ఊడదీసి సీసాలో ఇంకో చిటికెడు సోడా వేశాడు. మళ్లీ బుస్సు!

"యాసిడ్ అయిపోతే ఈ బుస్సు ఎక్కణ్ణుంచొచ్చింది మావయ్యా?"

క్యాలెండర్ వెనకాల లెక్కేశాం. గ్రాముల్ని అణుభారంతో భాగిస్తే మోల్స్, అంటే అణువుల లెక్క. యాసిడ్ 4 బై 60, 0.067 మోల్స్. సోడా 5 బై 84, 0.060. తూకంలో ఎక్కువున్న సోడానే ముందు అయిపోయింది చూడు! మొత్తం యాసిడ్‌కి సరిపడాలంటే 5.6 గ్రాములు కావాలి. తర్వాత కొత్త వెనిగర్ పోసి రెండు చెంచాలు, ఇంకోసారి మూడు చెంచాలు వేశాం, పురికొసతో చుట్టుకొలత చూస్తే రెండుసార్లూ ఒకటే, లెక్క ప్రకారం ఎంత సోడా పోసినా లీటరున్నర పైచిలుకు గ్యాస్ దాటదు. ఈసారి లిమిటింగ్ యాసిడ్డే, మిగిలిన నీళ్లలో మూతెడు వెనిగర్ పోస్తే అప్పుడు బుస్సంది. ఈలోగా అక్క వచ్చి, పచ్చడికని దాచుకున్న వెనిగర్ ఏదిరా అని...

మన సారు గుర్తొచ్చారురా. గ్రాములు చూసి మోసపోకండ్రా అని బల్ల గుద్దేవారు, మనం వెనక బెంచీలో పునుగుల లెక్క చూసుకునేవాళ్లం. ఆ బాకీ ఇంకా నీదే, గుర్తుందా? ఎందుకో కాసేపు మనసు అదోలా అయిపోయింది, సర్లే.

వాడికి నువ్వు ల్యాబ్‌లో పిపెట్టు, అదే నోటితో లాగే గాజు గొట్టం, దాంతో యాసిడ్ మింగిన కథ కూడా చెప్పేశా, సారీ. నవ్వుతాడేమో అనుకుంటే పెన్ను తీసి, ఎన్ని మోల్స్ మింగాడు మావయ్యా అన్నాడు. 20 మిల్లీలీటర్ల పిపెట్టే కదా అది, సగం దాకా లాగావా, ఇంకా పైకా? యాసిడ్డేమో డెసినార్మల్, అంటే నార్మల్‌లో పదో వంతు గాఢత, అని నా గుర్తు, నువ్వేమో ఎప్పుడూ కాదంటావ్... అదిగో బస్సొచ్చేసింది, మిగతాది ఫో