సంతాప దినాన జెండా దించే తీరు: కోనసీమ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ మన బాలయోగి గారు, 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు హెలికాప్టర్ ప్రమాదాల్లోనే పోయారు. అలాంటి కబురు ఉన్నట్టుండి వస్తుంది. ఆ కంగారులో జెండాను నేరుగా సగం దాకా లాగి కట్టేస్తారు. అది తప్పు. ముందు కొస దాకా ఎగరేసి, ఒక్క క్షణం ఆపి, అప్పుడు సగానికి దించాలి. సాయంత్రం తీసేటప్పుడూ మళ్ళీ కొసకు చేర్చాకే దించాలి. పక్కన వేరే జెండాలుంటే అవి మామూలు ఎత్తులోనే ఉండాలి.

మన ఉప్పుగాలికి కప్పీ తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. సగంలో ఇరుక్కున్న జెండా చూసేవాళ్ళకి సంతాపంగానే కనిపిస్తుంది, పైకి మాత్రం కదలదు. నెలకోసారి గ్రీజు పెట్టి, తాడు లాగి చూడమని అన్ని ఆఫీసులకూ చెప్పండి. బాలయోగి గారి సొంతగడ్డ మీద ఇందులో లోపం జరగకూడదు. ఉత్తర్వు తెలుగులోనే ఇప్పించండి, తాడు పట్టుకునేది అటెండర్లు.

ఇట్లు,
జెండా ఏర్పాట్లు చూసే ఉద్యోగులం, అమలాపురం